రాముడి మడికి నీళ్ల వంతు

ప్రమీలారాణిగారు మెల్లగా మాట్లాడగా మా ఊళ్లో ఎవరూ వినలేదు. మనుషులతో ఎంత గొంతో, దేవుడితోనూ అంతే గొంతు. తెల్లవారుతూనే పూజగదిలో నిలబడి "ఏం రామయ్యా, లేచావా లేదా?" అని ఆమె పలకరిస్తే, అదే ఇంట్లో పక్క వాటాలో అద్దెకుంటున్న నేను ఉలిక్కిపడి లేచి స్టవ్ వెలిగిస్తాను. ఈ ఊరికి వచ్చాక నా ఫోన్‌లో అలారం పెట్టుకోవలసిన అవసరం రాలేదు.

నేను ఇక్కడి అంగన్‌వాడీ టీచర్ని, పేరు ప్రసూన. మాది కొత్తగూడెం, మా నాన్న బొగ్గు గనిలో పనిచేశాడు. దమ్మపేట దాటి ఆంధ్రా సరిహద్దు వైపు వచ్చే ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చి, ఈమె చేతికి చిక్కాను. చిక్కాననే అంటాను. పిన్నిగారి పక్కన ఎవరూ ఊరికే కూర్చోలేరు. నేను ఆమెను పిన్నిగారూ అనే పిలుస్తాను. అరవై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాముడి పని అంటే మాత్రం చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని అందరికంటే ముందు పరుగెత్తుతారు!

ఆమె మామగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆమె కోడలిగా అడుగుపెట్టిన రోజుల్లో ఊరి చుట్టూ అడవేనట. ఇప్పుడు చుట్టూ పామాయిల్ తోటలు. ఇన్నేళ్లయినా ఆమె మాటలో ఆ జిల్లా యాస పోలేదు, దాని మీద ఇక్కడి మాటలు వచ్చి కూర్చున్నాయంతే. "జల్దీ రండర్రా, ముహూర్తం దాటిపోతోంది!" అని ఆమె కేకేస్తే ఏ జిల్లావాళ్లయినా లేచి నిలబడాల్సిందే.

ఆమె బొటనవేళ్లు చూస్తే కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. మిగతా వేళ్ల గోళ్లన్నీ పొట్టిగా కత్తిరించి ఉంటాయి. ఆ రెండు మాత్రం ఏడాదంతా పెంచి, కొబ్బరినూనె రాసి, పసిపిల్లల్లా కాపాడుకుంటారు. వాటి కోసం అల్లం ఒలవరు, అంట్ల దగ్గరికి పోరు. అవి రాముడి గోళ్లట. "ఇన్సూరెన్స్ చేయించనా వాటికి?" అని ఆమె భర్త వెంకటరామారావుగారు వేళాకోళం చేస్తే, "ముందు మీ నోటికి చేయించండి" అని ఆమె జవాబు.

ఆ గోళ్ల సంగతి ఏమిటంటే, భద్రాచలంలో శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణానికి తలంబ్రాల బియ్యం కావాలి. ఆ బియ్యాన్ని రోట్లో దంచకుండా, మిల్లులో ఆడించకుండా, ఒక్కో వడ్లగింజనూ గోటితో ఒలిచి పట్టుకెళ్లే భక్తులు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. గింజ విరగకూడదు. ఒలుస్తున్నంతసేపూ రామనామం ఆగకూడదు. మా ఊళ్లో ఆ ఆడవాళ్ల గుంపుకి నాయకురాలు పిన్నిగారే. వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. అందులో ఆమె వాయిస్ మెసేజ్ పెడితే మేం ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని వింటాం.

ఆ వడ్లు పండే చోటును రాముడి మడి అంటాం. చెరువు తూము దిగగానే ఆయకట్టులో మొట్టమొదటి మడి అదే. అందులోకి చెప్పులతో ఎవరూ దిగరు. విత్తనం చల్లిన రోజు నుంచి కోత దాకా పిన్నిగారు రోజూ పొద్దున వెళ్లి ఆ గట్టు మీద నిలబడి వరితో కబుర్లు చెప్పి వస్తారు.

ఇక నీళ్ల సంగతి చెప్పాలి. తూము నుంచి వచ్చే కాలువ కొన్నాళ్లు పైపొలాలకు, కొన్నాళ్లు కిందిపొలాలకు వంతు ప్రకారం పారాలి. పైపొలాలు ఊరివాళ్లవి, కాలువ చివరవి తండావాళ్లవి. తూము తిప్పే హ్యాండిల్ ఉండేది వెంకటరామారావుగారి ఇంట్లో, వంతులు చూసేదీ ఆయనే. అయితే రాముడి మడికి మాత్రం వంతు లేదు. కిందివాళ్ల వంతు నడిచే రోజుల్లోనూ కాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి ముందు ఆ మడి నింపాలి, ఆ తర్వాతే కిందికి. ఎవరైనా నసిగితే ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. "దేవుడి మడికి వంతేంటయ్యా?" అనేవారు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

వానలు బాగా పడ్డ ఏళ్లలో ఇది ఎవరికీ పట్టలేదు. కాలువ నిండా నీళ్లుంటే రాముడు ఎంత తాగినా ఇంకా మిగిలేవి. పోయిన ఏడాది వాన మొహం చాటేసింది. బతుకమ్మ పండుగ నాటికే ఆకాశం తెల్లగా వెలిసిపోయింది, చెరువు సగానికి దిగింది. రాముడి మడి నిండి పొర్లిన నీళ్లు కూడా మళ్లీ కాలువలో పడలేదు. అవతలి గట్టు దాటి వెంకటరామారావుగారి పామాయిల్ తోటలోకి పోయాయి. ఆ తోటకు బోరుంది, డ్రిప్ ఉంది. అయినా ఊరికే వచ్చే నీళ్లు ఎవరికి చేదు? తండా పొలాలు బండనేల మీద ఉన్నాయి. అక్కడ బోరు వేస్తే దుమ్ము తప్ప చుక్క రాదు.

ఇదంతా పిన్నిగారికి తెలియదా అని నన్ను చాలామంది అడిగారు. ఆమె ఇవతలి గట్టు మీద నిలబడి మడి చూసుకుని వచ్చేసేవారు. అవతలి గట్టు ఎక్కి చూసింది లేదు. చూడాలని ఎందుకు తోచలేదని నేనూ కోపగించుకున్నాను, మనసులోనే.

ఇప్పుడు లాలి గురించి. కింది తండా మనిషి, నడివయసు. గోటితో వడ్లు ఒలవడంలో ఆమె ముందు మేమెవరం చాలం. మేం ఒకటి ఒలిచేలోపు మూడు ఒలిచి, మా చేతుల్లో విరిగిన గింజలు చూసి మూతి బిగించి నవ్వుకుంటుంది. మాట మాత్రం పొదుపు. అందుకే కాబోలు, పిన్నిగారు ఎప్పుడూ ఆమెను పక్కన కూర్చోబెట్టుకునేవారు. "నువ్వు లేకపోతే నా రాముడికి పెళ్లే లేదే లాలీ!" అని అందరి ముందూ అనేవారు. అనడమే కాదు, మనస్ఫూర్తిగా నమ్మేవారు కూడా.

లాలి కోడలు భార్గవి అప్పుడు ఏడు నెలల గర్భిణి. గుడ్లు, పాలు తీసుకోవడానికి అత్తాకోడళ్లు నా సెంటర్‌కి వచ్చారు. కోడలి మొహం బాగానే ఉంది, అత్త మొహమే పీక్కుపోయి ఉంది.

"ఏంది లాలీ, గిట్ల చిక్కిపోయినవ్?" అన్నాను.

"మా వరి పొట్ట మీదున్నది టీచరమ్మా. మడిల నెర్రెలు వడ్డయి. ఇప్పుడు నీళ్లు పారకుంటే ఎన్ను బయటికి రాదు. వచ్చినా అంత తాలే. ఇంటిల్లిపాదికి ఏడాది తిండి గదే" అంది.

"పెద్దసారుకు చెప్పలేదా?"

"మా కొడుకు సోమ్లా పోయి అడిగిండు. దేవుని మడి నిండనియ్‌రా, తర్వాత ఇడుస్త అన్నడంట. అది ఎప్పుడు నిండాలె, మాకెప్పుడు రావాలె?"

"మరి అమ్మగారికి చెప్పరాదు? నువ్వంటే ఆమెకు పానం గదా."

"ఎట్ల చెప్పాలె టీచరమ్మా? ఆమె మాట్లాడుడు ఆపితే గద, నేను చెప్పేది!"

ఇద్దరం పకపకా నవ్వాం. నవ్వు ఆగాక లాలి కోడలి చేతిలోని గుడ్ల కవరు తీసుకుంటూ, "నోటితోని చెప్తే ఇనదు. చూపియ్యాలె" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

దసరా వెళ్లింది, దీపావళి ఇంకా రాలేదు. వాట్సాప్ గ్రూపు దద్దరిల్లింది. "అమ్మాయిలూ! రేపే మన రాముడి మడికి సీమంతం! పచ్చ చీరలు కట్టుకోండి! ఎవరూ మానొద్దు!" అని పిన్నిగారు. పొట్ట మీదికొచ్చిన వరి కడుపుతో ఉన్న ఆడదానితో సమానమని ఆమె లెక్క. నా అంగన్‌వాడీలో గర్భిణులకు చేసే సీమంతం ఒకసారి చూసి, "మా రాముడి మడికెందుకు చెయ్యకూడదు?" అని పట్టుకున్నారు. అప్పటి నుంచి ఏటా జరుగుతోంది.

ఆ రోజు ఎంత సందడో! డప్పులు వాళ్లు తూము దగ్గర నుంచే మొదలుపెట్టారు. పచ్చచీరల్లో ఆడవాళ్లం గట్టు పొడవునా నిలబడ్డాం. పళ్లేల్లో పసుపు, కుంకుమ, బంతిపూలు, చలిమిడి, బుట్టెడు ఆకుపచ్చ గాజులు. పిన్నిగారు మోకాళ్ల నొప్పి మర్చిపోయి మడిలోకి దిగి, వరి దుబ్బులకు దారాలతో గాజులు కట్టారు, పసుపు చల్లారు. "చల్లగా ఈనమ్మా, పండులాంటి గింజలనియ్యి" అని ఒక్కో దుబ్బునూ నిమిరారు. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. హారతి ఇచ్చాక అందరం పాటందుకున్నాం. నాకైతే ఒళ్లు పులకరించింది. ఆ పచ్చదనం, ఆ గాజులు, ఆ డప్పులు, ఎవరికైనా అలాగే ఉంటుంది.

అప్పుడు లాలి ముందుకొచ్చింది.

"అమ్మా, ఒక్క మాట" అంది. ఆమె పదిమందిలో నోరు విప్పడమే వింత. డప్పులు ఆగాయి.

"మా వరి గూడ పొట్ట మీదున్నది. దానికి గూడ నీ చేత్తోనే సీమంతం చెయ్యాలె."

పిన్నిగారి మొహం వెలిగిపోయింది. "ఓసి నీ! ఇన్నేళ్లు నాకీ ఆలోచనే రాలేదేంటే! అడగాలా దీనికి? పదండర్రా! గాజులు మిగిలాయా? మిగిలాయి! డప్పులు ఆపారేంటి, కొట్టండి కొట్టండి!" అంటూ పళ్లెం తానే ఎత్తుకుని కాలువ గట్టు పట్టారు. చెప్పులు అక్కడే వదిలేశారు. మేమంతా వెనకే. నాకు లాలి సెంటర్‌లో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆపాలా? ఎందుకు ఆపాలి? నేను వీడియో ఆపేసి, అడుగు పెంచి పిన్నిగారి పక్కకు చేరాను.

కాలువ గట్టు మీద ఆమె కబుర్లు ఆగలేదు. వచ్చే ఏడు తండావాళ్ల మడికి కూడా బ్యాండు మేళం పెట్టిద్దామన్నారు, భార్గవి సీమంతానికి చీర తానే పెడతానన్నారు. ఆమె మాట్లాడుతూనే ఉన్నారు, పొలాల రంగు మారుతూనే ఉంది. పైన ముదురాకుపచ్చ. కొంచెం దిగాక పాలిపోయిన పసుపు. ఇంకా దిగాక ఆకులు సూదుల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. కాలువ అడుగున ఎండిన నాచు, తెల్లబడ్డ నత్తగుల్లలు. డప్పులవాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్ల చేతులే మెల్లబడి, కాసేపటికి ఆగిపోయాయి.

పిన్నిగారు లాలి మడిలోకి దిగబోయారు. కాలు నెర్రెలో పడి తూలారు. నేను పట్టుకున్నాను. పళ్లెంలో గాజులు గలగలమన్నాయి. ఆమె మాట అక్కడితో ఆగింది.

తండా ఆడవాళ్లు అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నారు. భార్గవి కూడా పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడింది. పిన్నిగారు వంగి ఒక పిలకను పట్టుకుని, బొటనవేలి గోటితో పొట్టను చీల్చి చూశారు. వ్యవసాయం తెలిసిన ఇంటి మనిషి, చెప్పాల్సిన పనిలేదు. లోపల వెన్ను వాడి, కొసల్లో తెల్లబడుతోంది. ఇంకా చావలేదు. ఇవాళ కాకపోతే రేపు చస్తుంది.

"తొడుగమ్మా" అంది లాలి.

"ఏంటే?"

"గాజులు. రాముని మడికి తొడిగినవ్ గద." లాలి పళ్లెం వైపు చూపింది. "కడుపుతోని ఉన్నదానికి గొంతు తడుపకుంట గాజులెట్ల తొడగాలె అనుకుంటున్నవా? మా వంతు నీళ్లు రాముడు తాగిండని చెప్పిన్రు మాకు. నువ్వు ఆయనతోని రోజూ మాట్లాడుతవ్ గదమ్మా. జర అడుగు. మేము అడిగితే బాగుండది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గేసింది కూడా, ఆ పచ్చచీరతో అక్కడ నిలబడటానికి.

పిన్నిగారు పళ్లెం నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగారు. గట్టెక్కలేదు. ఎండిన కాలువలోకే దిగి, దాని అడుగునే పైకి నడక మొదలుపెట్టారు. మొదట నడక, తర్వాత పరుగులాంటి నడక. "పిన్నిగారూ, మెల్లగా!" అని నేను అరుస్తూనే ఉన్నాను. మా గుంపు, తండా ఆడవాళ్లు, డప్పులవాళ్లు, అందరం కాలువలో ఆమె వెనకే పడ్డాం.

రాముడి మడి దగ్గర మట్టికట్ట అడ్డొచ్చింది. దాని వెనక నీళ్లు ఎత్తుగా నిలిచి, మడిలోకి మళ్లుతున్నాయి. ఆమె దాన్ని దాటి, మడిగట్టు ఎక్కి, మొదటిసారి అవతలి గట్టు దాకా వెళ్లారు. పామాయిల్ చెట్ల మొదళ్ల చుట్టూ నీళ్లు మెరుస్తున్నాయి. కొంగలు తీరుబడిగా తిరుగుతున్నాయి.

"ఇవన్నీ కూడా రాముడే తాగుతున్నాడా?" అన్నారు. మమ్మల్ని అడిగినట్టు లేదు.

ఒక్క ఉదుటున కాలువలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ కట్టను తవ్వడం మొదలుపెట్టారు! "ఆగండి, పార తెస్తాం!" అన్నారెవరో. ఆమెకు ఆగడం ఎక్కడ వచ్చు? బురద పెళ్లలు పెళ్లలుగా వెనక్కి విసురుతున్నారు. లాలి వచ్చి పక్కన కూర్చుని తవ్వింది. నేనూ పళ్లెం గట్టు మీద పెట్టి దూకాను. తండా ఆడవాళ్లు, ఊరి ఆడవాళ్లు, ఎవరి చెయ్యి ఎవరిదో తెలియకుండా ఆ మట్టి మీద పడ్డాం. మా గుంపులో ఇద్దరు మాత్రం గట్టు దిగలేదు. వాళ్ల పొలాలూ పైనే ఉన్నాయి.

టక్‌మని చప్పుడైంది. పిన్నిగారు చెయ్యి ఎత్తి చూసుకున్నారు. కుడి బొటనవేలి గోరు మొదలంటా విరిగి, రక్తం కారుతోంది. రాముడి గోరు. మా చేతులన్నీ ఆగిపోయాయి.

"చూస్తారేంటే? గోరుదేముంది, మళ్లీ వస్తుంది. తవ్వండి!" అని గద్దించారు.

అంతలో వెంకటరామారావుగారి బైక్ చెరువు కట్ట దిగింది. ఎవరో ఫోన్ చేసి ఉంటారు. ఆయన మొహం జేవురించి ఉంది.

"పిచ్చి పట్టిందా నీకు? దేవుడి మడికి వేసిన కట్ట తెంపుతావా?"

"దేవుడి మడి నిండే ఉందండీ. మీ తోట కూడా నిండింది" అన్నారామె, తవ్వుతూనే.

"దేవుడి మడికి వంతేంటే అసలు?"

అప్పుడు లేచి నిలబడ్డారు. మోకాళ్ల దాకా బురద, మోచేతుల దాకా బురద, జారిన ముడి. ఆ గొంతు మా ఊరంతటికీ వినిపించి ఉంటుంది.

"పొద్దున లేస్తే ఆయన్ని ధర్మం తప్పనివాడా అని పిలుస్తున్నానండీ నేను! ఆయన పేరు చెప్పి, కడుపుతో ఉన్న వరి గొంతు ఎండగట్టి, ఆ బియ్యం మళ్లీ ఆయన తల మీదే పొయ్యమంటారా? నా చేత్తో పొయ్యమంటారా? ఆయనెప్పుడైనా తనకు వంతు వద్దన్నాడా? మీతో చెప్పాడా? నాతో అయితే చెప్పలేదు!"

"తూము దించేస్తా" అన్నారాయన.

"దించండి. పూజగదిలోంచి రాముణ్ణి తెచ్చి ఆ తూము మీదే కూర్చోబెడతాను. ఆయన్నే అడుగుదురుగాని."

డప్పులవాళ్లలో ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. వెంకటరామారావుగారు గొంతు తగ్గించారు. "సరే. రేపటి నుంచి ఈ మడి కూడా ఎండుతుంది. నీ మొక్కు ఏమవుతుంది? తలంబ్రాలు ఎక్కడి నుంచి తెస్తావ్?"

ఆ ప్రశ్న ఆమెకు తగలరాని చోట తగిలింది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. రాముడి మడి వైపు, తాను పొద్దున కట్టిన గాజుల వైపు చూశారు. ఆ మడి అంటే ఆమెకు ఏమిటో మా అందరికీ తెలుసు.

"తెలీదండీ" అన్నారు. అని, వంగి, మిగిలిన మట్టిని రెండు చేతులతో ఒక్క తోపు తోశారు.

కట్ట తెగింది! నీళ్లు మా మోకాళ్లను కొట్టుకుంటూ, మమ్మల్ని చెరో పక్కకీ నెట్టేసి కాలువలో పడ్డాయి. ఎవరు ముందు అరిచారో తెలియదు, అందరం అరుస్తున్నాం. డప్పులు మళ్లీ అందుకున్నాయి. గట్టెక్కి నీళ్లతో పాటు పరుగు! ముందు కొస ఎండుటాకులనూ నురగనూ తోసుకుంటూ పోతోంది. ఎండిన నేల ఎదురైన చోట కాసేపు ఆగి, బుడగలు పోసి, మళ్లీ కదిలేది. అది ఆగితే మేమూ ఆగి, "రా తల్లీ, రా!" అని పిలిచేవాళ్లం. తండా ఆడవాళ్లు తమ భాషలో పాటెత్తుకున్నారు. పిన్నిగారికి ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా వాళ్లకంటే గట్టిగా పాడారు. నేను పళ్లెం మళ్లీ చేతికి తీసుకుని, చెప్పు తెగి ఒంటి చెప్పుతో పరుగెత్తాను, రెండోది ఎక్కడ వదిలేశానో ఇప్పటికీ దొరకలేదు.

పొద్దు వాలేసరికి నీళ్లు లాలి మడవ దగ్గరికి చేరాయి. సోమ్లా పారతో మడవ తీశాడు. నెర్రెలు గటగటా తాగాయి. నిజంగానే చప్పుడు వినిపించింది. పిన్నిగారు గట్టు మీద కూలబడి ఆ చప్పుడు వింటూ ఏడ్చారు. కాసేపు ఏడవనిచ్చి, లాలి నా చేతిలో పళ్లెం తీసుకుని ఆమె ముందు పెట్టింది.

"ఇప్పుడు తొడుగమ్మా" అంది.

రక్తం అంటిన వేలితోనే ఆమె ఆ దుబ్బులకు గాజులు కట్టారు. ఒక గాజు మిగిల్చి భార్గవి చేతికి తొడిగారు.

ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. వెంకటరామారావుగారు ఇంట్లో చాన్నాళ్లు మాట్లాడలేదు, పిన్నిగారూ కొన్నాళ్లు రామయ్యను కేకేసి లేపలేదు. ఆ నిశ్శబ్దానికి నాకు పొద్దున మెలకువ రాక రెండుసార్లు సెంటర్‌కి ఆలస్యంగా వెళ్లాను. చివరికి ఒకరోజు తూము హ్యాండిల్ తెచ్చి పూజగది గుమ్మం దగ్గర పెట్టి, "నువ్వూ నీ రాముడూ చూసుకోండి" అని వెళ్లిపోయారు. చూసుకున్నారు! లాలిని వెంటబెట్టుకుని వంతు తప్పకుండా తూము తిప్పించారు. గట్టు దిగని ఆ ఇద్దరూ మా గుంపు మానేశారు. తండాలో అందరి వరీ బతకలేదు. కాలువ కొసన జైరాం మడికి నీళ్లు చేరేసరికే ఆలస్యమైపోయింది, అతనికి తాలే మిగిలింది. పిన్నిగారు అతని గడపలోకి వెళ్లి తలొంచుకుని నిలబడ్డారు. అతను కూర్చోమనలేదు. లాలి ఇంటికి మాత్రం ఏడాదికి సరిపడా గింజలు చేరాయి.

రాముడి మడి తన వంతు వచ్చినప్పుడే తాగింది. చెరువు అడుగంటాక మెరక భాగం ఎండిపోయింది. కోస్తే సగం తాలు. సంక్రాంతి వెళ్లాక వరండాలో వడ్లు పోసుకుని కూర్చున్నప్పుడు, పిన్నిగారి కుడి బొటనవేలికి గోరు వంకరగా పెరిగి ఉంది. ఆ వంకర గోటితోనే ఒలిచారు. ఒలిచిన బియ్యం చూస్తే మనసు చివుక్కుమంది. వేరే ఏళ్లలో ఒక్క రోజు ఒలుపు అంత ఉంటుంది.

లాలి ఉండబట్టలేక, "మా వడ్లు జర కలుపుదమా అమ్మా? మంచిగ పండినయి" అంది.

"వద్దే. అవి మీ ఇంటి తిండి. ఈయనకి ఎంత పండితే అంతే ఇద్దాం" అన్నారామె. ఒలవడం ఆపలేదు.

ఈ ఏడు నవమికి ముందు అందరం నడిచే వెళ్లాం. ములకలపల్లి అడవిలో రోడ్డు నిండా ఇప్పపూలు రాలి తీపి వాసన. పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి ఎన్నో ఊళ్ల జనం కలిశారు. ఎవరి చేతిలో చూసినా పెద్ద పెద్ద మూటలు, కొందరికి ట్రాలీ ఆటోల నిండా బస్తాలు. మా మూట పిన్నిగారి రెండు చేతుల మధ్య పట్టేంత చిన్నది. నాకు మనసు ఎంత చిన్నబోయిందో! ఆమె మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని, పక్కనే లాలిని పెట్టుకుని, వంతెన పొడవునా గొంతెత్తి రామనామం చెబుతూ నడిచారు.

గుడి దగ్గర బియ్యం అప్పగించే చోట వరుసలో నిలబడ్డాం. మా ముందున్న ఒకావిడ, ఏ ఊరో ఏమో, బస్తాల మీద చెయ్యి వేసుకుని మా మూట వైపు జాలిగా చూసింది.

"అయ్యో, ఇంతేనా అమ్మా? పంట పోయిందా?"

పిన్నిగారు మూటను గుండెకు హత్తుకుని నవ్వారు. వరుస మొత్తం వెనక్కి తిరిగి చూసేంత గొంతుతో చెప్పారు.

"పోలేదండీ! ఈ ఏడు మా రాముడు వంతు ప్రకారం తాగాడు!"